రాత్రి ముహూర్తాల పెళ్ళిళ్ళకు తక్కువ ఖర్చులో లెన్స్ ఎంచుకోవడం ఎలా

తెల్లవారుజామున రెండున్నరకో మూడింటికో ముహూర్తం కుదిరిన పెళ్ళిలో, జీలకర్ర బెల్లం వేళకు మండపంలో వెలుగు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. వెనుక పూల డెకరేషన్ మీద గులాబీ, నీలం రంగుల ఎల్‌ఈడీ లైట్లు పడుతుంటాయి, పైన సీరియల్ బల్బుల తోరణాలు వెలుగుతుంటాయి, కానీ పీటల మీద కూర్చున్నవారి ముఖాలకు అందేది వీడియో తీసే అతని దగ్గరున్న ఒక్క లైటు మాత్రమే. అతను దాన్ని పురోహితుడి చేతుల వైపు తిప్పగానే పెళ్ళికూతురి ముఖం నల్లబడుతుంది. కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌ను 55 దగ్గరకు జూమ్ చేస్తే దాని అపర్చర్, అంటే వెలుగు లోనికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు (ఈ సంఖ్య ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) కాబట్టి, ఆ వెలుగులో ఫొటో వణికి వస్తుంది, లేకపోతే ఇసుక చల్లినట్టు నాయిస్‌తో నిండిపోతుంది. కొత్తగా పెళ్ళిళ్ళు ఒప్పుకుంటున్నవారు ఈ దశలోనే లెన్స్ కొనాలనుకుంటారు, ఏది కొనాలో తెలియక ఖరీదైనదే మంచిదనే నిర్ణయానికి వచ్చి అప్పు చేస్తారు.

అప్పు చేయనవసరం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాత్రి పెళ్ళికి లెన్స్ నుంచి కావలసిన వెలుగులో అధిక భాగం ఎఫ్/1.8 దగ్గరే దొరుకుతుంది. ఆ పైన పెట్టే డబ్బుకు దక్కేది కొద్దిగా వెలుగు, ఎక్కువగా బరువు.

ముందు పాత ఫొటోలను లెక్క చూడండి

దుకాణానికి వెళ్ళే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, దీనికి రూపాయి ఖర్చు లేదు. మీరు ఇప్పటిదాకా తీసిన మూడు నాలుగు పెళ్ళిళ్ళ ఫొటోలలో, ఆల్బమ్‌కు ఎంపికైన వాటిని మాత్రమే కంప్యూటర్‌లో విడిగా పెట్టుకొని, ప్రతి ఫొటోను ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద 35, 55 అని ఉండే ఎం.ఎం. సంఖ్య) దగ్గర తీశారో, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి, పెంచిన కొద్దీ నాయిస్ పెరుగుతుంది) ఎంత పెట్టారో, షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎంత ఉందో చూడండి. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఫోకల్ లెంగ్త్ ప్రకారం వడకట్టి చూసుకునే సౌకర్యం ఉంటుంది, అది లేనివారు ఫైల్ ప్రాపర్టీస్‌లోనైనా చూసుకోవచ్చు. మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు వంటి ఘట్టాల్లో మీ చెయ్యి తనంతట తాను 35 దగ్గర ఆగుతోందా, 55 చివరిదాకా వెళ్ళి ఇంకా కావాలని వెతుకుతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. మొదటి రకం వారికి 35 ఎం.ఎం. ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్), రెండో రకం వారికి 50 లేదా 85 ఎం.ఎం. ప్రైమ్ లెన్స్ సరిపోతాయి. ఎవరో స్నేహితుడు 85 వాడుతున్నాడని మీరూ 85 కొంటే, చిన్న ఊళ్ళో ఇంటి ముందు వేసిన పందిట్లో వెనక్కి జరగడానికి చోటు లేక గోడకు వీపు ఆనించి నిలబడవలసి వస్తుంది.

ఈ లెక్కలో మీ కెమెరా సెన్సర్ సైజును కూడా కలుపుకోవాలి. కెనాన్ 1500డీ, 200డీ, ఆర్50 వంటి క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్, అంటే పాత 35 ఎం.ఎం. ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ కన్నా చిన్నది) కెమెరాల మీద 50 ఎం.ఎం. లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌లో 80 ఎం.ఎం. లెన్స్ చూపినంత మేరే చూపుతుంది, నికాన్, సోనీ క్రాప్ కెమెరాల మీద అది 75కు సమానం. కాబట్టి క్రాప్ సెన్సర్ ఉన్నవారికి 50 ఎం.ఎం. లెన్సే ముఖాలకు పనికొచ్చే పోర్ట్రెయిట్ లెన్స్ అవుతుంది, 85 ఎం.ఎం. లెన్స్ మీద ఖర్చు పెట్టడం వాయిదా వేసుకోవచ్చు. మండపం మొత్తం కనిపించే ఫొటోకు మాత్రం వారికి 24 లేదా అంతకన్నా తక్కువ ఫోకల్ లెంగ్త్ అవసరం.

అపర్చర్ లెక్క

అపర్చర్ సంఖ్యల మధ్య తేడా చూడటానికి చిన్నదిగా ఉంటుంది గాని, వెలుగు ఆ సంఖ్యల వర్గాన్ని బట్టి మారుతుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/2.8 నాలుగు రెట్ల వెలుగును, ఎఫ్/1.8 సుమారు తొమ్మిదిన్నర రెట్ల వెలుగును లోనికి పంపుతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. కిట్ లెన్స్‌తో ఎఫ్/5.6, 1/125 సెకను దగ్గర ముఖం సరిగ్గా కనిపించాలంటే ఐఎస్ఓ 12800 పెట్టవలసి వచ్చిందనుకోండి. అదే చోట, అదే వెలుగులో ఎఫ్/2.8 జూమ్ లెన్స్‌తో ఐఎస్ఓ 3200 చాలు. ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్‌తో అయితే సుమారు 1250కి దిగుతుంది. క్రాప్ సెన్సర్ కెమెరాలో 12800 దగ్గర తీసిన ఫొటోకూ 1250 దగ్గర తీసిన ఫొటోకూ మధ్య, పట్టుచీర అంచులోని జరీ విడివిడి పోగులుగా కనిపించడానికీ పసుపు రంగు పూతలా కనిపించడానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

ఇక ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కు వెళితే వచ్చే వెలుగు దానికి ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంటే ఐఎస్ఓ 1250 బదులు 800 పెట్టుకోవచ్చు. నేటి కెమెరాలలో ఈ రెండు ఐఎస్ఓల మధ్య తేడాను ఆల్బమ్ తిరగేసే పెళ్ళివారు గుర్తించలేరు, ఫొటోగ్రాఫర్ కూడా కళ్ళు చిట్లించి వెతుక్కోవాలి. ధర మాత్రం కొన్ని కంపెనీలలో రెట్టింపు దాటుతుంది. వెనుక లైట్లు పెద్ద పెద్ద గుండ్రని చుక్కలుగా కరగాలన్న మోజు ఉన్నవారు ఎఫ్/1.4 కొనుక్కోవచ్చు, అది చీకటి సమస్యకు పరిష్కారమని మాత్రం అనుకోకూడదు.

లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు దీన్నే ముందు చెబుతారు. అది మీ చేతి వణుకును తగ్గిస్తుంది, ఎదుటివారి కదలికను ఆపలేదు. కదలని దీపాన్ని, కలశాన్ని, ఖాళీ మండపాన్ని 1/15 సెకను దగ్గర తీయడానికి బాగా పనికొస్తుంది. తలంబ్రాల సమయంలో దాని వల్ల ఒరిగేది లేదు. బియ్యపు గింజలు 1/125 దగ్గర తెల్లటి గీతలుగా సాగిపోతాయి, 1/500 దగ్గర గింజ గింజగా, వాటి మధ్య ముత్యాలతో సహా గాలిలో నిలిచి కనిపిస్తాయి. ఆ 1/500 కోసం ఐఎస్ఓ నాలుగు రెట్లు పెంచాలి, అంటే పై ఉదాహరణలో ఎఫ్/1.8 లెన్స్‌కు 5000 అవుతుంది, కిట్ లెన్స్‌కు యాభై వేల దగ్గరకు పోతుంది. వేగంగా కదిలే ఘట్టాల్లో పెద్ద అపర్చర్‌కు బదులు మరొకటి లేదనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

జీలకర్ర బెల్లం దగ్గర వచ్చే చిక్కు

ఎఫ్/1.8 లెన్స్ కొన్న ఉత్సాహంలో ప్రతి ఫొటోనూ ఎఫ్/1.8 దగ్గరే తీయడం మొదటి సీజన్‌లో అందరూ చేసే పొరపాటు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 85 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే, ముందూ వెనుకా కలిపి స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లు మాత్రమే. ఒకే ముఖానికి అది సరిపోతుంది. అడ్డుతెర దించి వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టి చూసుకుంటున్నప్పుడు, మీరు వరుడి భుజం పక్కన ఉంటే వరుడి చెవికీ వధువు కంటికీ మధ్య అర మీటరు దూరం ఉంటుంది, ఇద్దరూ ఒకే ఫొటోలో స్పష్టంగా రావడం జరగని పని. ఆ సమయంలో సరిగ్గా పక్క నుంచి, ఇద్దరూ కెమెరాకు సమాన దూరంలో ఉండే చోటికి జరగాలి, లేదా ఒకరి కళ్ళనే ఎంచుకొని రెండో వారిని బ్లర్‌లో వదిలేయాలి. ఇద్దరూ పీటల మీద పక్కపక్కన కూర్చొని ఉంటే కష్టం తక్కువ. అదే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్స్‌తో మూడు మీటర్ల దూరం నుంచి ఎఫ్/2.8 దగ్గర సుమారు అరవై సెంటీమీటర్ల లోతు వస్తుంది, అందులో దంపతులిద్దరూ, కాస్త ముందుకు వంగిన కన్యాదాత చేతులూ ఇమిడిపోతాయి.

అందువల్ల ఎఫ్/1.8 లెన్స్‌ను రోజంతా ఎఫ్/2 నుంచి ఎఫ్/2.8 మధ్య వాడుకోవడానికి కొంటున్నామని అనుకోవాలి. చాలా చవక ప్రైమ్ లెన్స్‌లు పూర్తిగా తెరిచినప్పటి కన్నా ఒక మెట్టు మూసినప్పుడు స్పష్టంగా, కాంట్రాస్ట్‌తో ఫొటో ఇస్తాయి. ఎఫ్/1.8ను ఎప్పుడైనా కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు, లేదా తెల్లవారుజామున అరుంధతీ దర్శనానికి ఆరుబయటికి వెళ్ళినప్పుడు అక్కరకు వచ్చే అదనపు నిల్వగా ఉంచుకోవాలి.

ఏ కెమెరాకు ఏ లెన్స్

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉన్నవారికి మొదటి కొనుగోలు గురించి పెద్దగా ఆలోచించనవసరం లేదు. 2015లో వచ్చిన ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్ బరువు 160 గ్రాములు, కొత్తది పది వేల రూపాయల అటూఇటుగా దొరుకుతూ వచ్చింది, పాతది అందులో సగం పైచిలుకుకే వస్తుంది. దీనికి ముందున్న 1990 నాటి రెండో వెర్షన్‌కు మౌంట్ (కెమెరాకు తగిలించే చోటు) కూడా ప్లాస్టిక్‌దే, దాని ఫోకస్ చీకట్లో ముందుకూ వెనక్కూ వెతుకుతుంది, చప్పుడు కూడా ఎక్కువ. ఎంత చవకగా ఇస్తామన్నా ఆ పాతదాన్ని పెళ్ళి పనికి కొనవద్దు. రెండో లెన్స్‌గా 1992 నుంచి ఉన్న ఈఎఫ్ 85 ఎం.ఎం. ఎఫ్/1.8 యూఎస్ఎంను చూడవచ్చు. దాని వయసు ముప్పై ఏళ్ళు దాటినా ఫోకస్ వేగంలో ఇప్పటికీ వెనకబడలేదు, బలమైన లైటు ఎదురుగా ఉంటే అంచుల్లో ఊదా రంగు చార వస్తుందనే లోపం మాత్రం ఉంది. వెండి కిరీటం మీద, తెల్లటి మల్లెల మీద ఆ చార కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో చాలావరకు తీసేయవచ్చు.

కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కెమెరాకు) మారినవారికి 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఎస్‌టీఎం ఉంది. అయితే ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్ ద్వారా ఆర్ బాడీల మీద పూర్తి ఆటోఫోకస్‌తో పని చేస్తాయి కాబట్టి, ఒక అడాప్టర్ కొనుక్కొని పాత ఈఎఫ్ లెన్స్‌లనే కొనసాగించడం తక్కువ ఖర్చులో తేలే దారి. ఆర్ఎఫ్ 35 ఎం.ఎం. ఎఫ్/1.8 మాక్రో లెన్స్‌ను మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. పదిహేడు సెంటీమీటర్ల దూరం దాకా దగ్గరకు వెళ్ళి ఫోకస్ చేయగలదు కనుక మెట్టెలు, తాళిబొట్టు, గోరింటాకు పండిన అరచెయ్యి వంటి వాటికి వేరే లెన్స్ మార్చనవసరం లేకుండా చేస్తుంది.

నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నవారు ఒక ఉచ్చు గురించి తెలుసుకోవాలి. డీ3000, డీ5000 వరుసల కెమెరాలలో, ఉదాహరణకు డీ3500, డీ5600లలో, లెన్స్‌ను తిప్పే మోటారు బాడీలో ఉండదు. పాత ఏఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8డీ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చాలా చవక, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఈ కెమెరాల మీద దానికి ఆటోఫోకస్ రాదు. పేరులో ఏఎఫ్-ఎస్ అని, చివర జీ అని ఉన్నదాన్నే తీసుకోవాలి. డీ7000 వరుస కెమెరాల మీద ఆ డీ లెన్స్ ఫోకస్ అవుతుంది, కాని రేపు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ మిర్రర్‌లెస్ మీద పెడితే మళ్ళీ చేతితోనే తిప్పుకోవాలి. కాబట్టి క్రాప్ సెన్సర్ నికాన్‌కు 2009 నాటి ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎం.ఎం. ఎఫ్/1.8జీ, 2011 నాటి ఏఎఫ్-ఎస్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8జీ అన్న రెండూ కలిపితే పెళ్ళిలో చాలా భాగం గడిచిపోతుంది. జెడ్ వరుసలో 40 ఎం.ఎం. ఎఫ్/2 చిన్నది, తేలికైనది, ధర కూడా అదుపులోనే ఉంటుంది.

సోనీలో 2016 నాటి ఎఫ్ఈ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 అన్నిటికన్నా చవకైనదే అయినా ఫోకస్ నెమ్మది, చప్పుడు కూడా చేస్తుంది. వేదమంత్రాల వీడియోలో ఆ చప్పుడు పడుతుంది. ఆ వరుసలో డబ్బుకు తగిన విలువ ఇచ్చేది 2017లో వచ్చిన ఎఫ్ఈ 85 ఎం.ఎం. ఎఫ్/1.8 అని నా అభిప్రాయం. ఏ6400 వంటి క్రాప్ కెమెరాలకు సిగ్మా వారి 16, 30, 56 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్‌లు మూడూ బాగుంటాయి. ఎఫ్/1.4 మీద డబ్బు పోయవద్దని పైన నేనే రాశాను, కాని ఇక్కడ సిగ్మా ఎఫ్/1.4 ధర ఇతరుల ఎఫ్/1.8 ధరకు దగ్గరలోనే ఉంటుంది కనుక ఆ మాట ఇక్కడ వర్తించదు.

చైనా కంపెనీలైన యోంగ్‌నువో, విల్ట్రాక్స్, టీటీఆర్టిసాన్ లెన్స్‌ల గురించి తరచుగా అడుగుతారు. విల్ట్రాక్స్ ఆటోఫోకస్ లెన్స్‌లు ఇటీవలి కాలంలో బాగా మెరుగుపడ్డాయి, కొనే ముందు మీ కెమెరా మోడల్‌కు సరిపోయే ఫర్మ్‌వేర్ (లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూసుకుంటే చాలు. మాన్యువల్ ఫోకస్ లెన్స్‌లు ఎఫ్/1.2 దాకా తెరుచుకొని చాలా చవకగా దొరుకుతాయి, ఇంట్లో సాధనకు, పెళ్ళికి ముందు తీసే జంట ఫొటోలకు హాయిగా వాడుకోవచ్చు. పురోహితుడు "మాంగల్యం తంతునానేన" అందుకున్న తర్వాత, చుట్టూ అక్షతలు పడుతుండగా, చేతితో ఫోకస్ రింగ్ తిప్పుకుంటూ నిలబడగల ధైర్యం నాకైతే లేదు.

ఎఫ్/2.8 జూమ్ ఎప్పుడు కొనాలి

మండపం ముందు ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్, వీడియో తీసేవారు, వారి వెనుక ఫోన్లు ఎత్తి నిలబడిన బంధువులు కలిసి గోడ కట్టినట్టు ఉంటే, ఒకే కెమెరా ఉన్న మీరు కదలలేరు. లెన్స్ మార్చుకునే లోపు ఘట్టం అయిపోతుంది. అలాంటి చోట ప్రైమ్ కన్నా ఎఫ్/2.8 జూమ్ మేలు. మెత్తని గుడ్డతో లెన్స్ తుడుచుకుంటూ ఉండగా మూడు ముళ్ళూ పడిపోయిన సందర్భాలు నాకు తెలుసు. క్రాప్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు సిగ్మా 17-50 ఎఫ్/2.8, టామ్రాన్ 17-50 ఎఫ్/2.8 పాత మార్కెట్లో దొరుకుతాయి. క్రాప్ మిర్రర్‌లెస్‌లకు సిగ్మా 18-50 ఎఫ్/2.8, టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 ఉన్నాయి. సోనీ ఫుల్ ఫ్రేమ్ వారికి టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 మొదటి తరం, 2018లో వచ్చినది, రెండో తరం వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో దొరకడం మొదలైంది, బరువు 550 గ్రాములే. సిగ్మా 18-35 ఎఫ్/1.8 అనే లెన్స్ 2013లో వచ్చింది, జూమ్ మొత్తంలో ఎఫ్/1.8 ఇచ్చిన తొలి క్రాప్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ అది. కాగితం మీద అంతకన్నా మంచిది కనిపించదు గాని 810 గ్రాముల బరువుతో మెడను, డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద అప్పుడప్పుడు తడబడే ఫోకస్‌తో మనసును పరీక్షిస్తుంది.

జూమ్ కొన్నా ప్రైమ్ లెన్స్‌ను అమ్మకండి. ఎఫ్/2.8కూ ఎఫ్/1.8కూ మధ్య వెలుగులో తేడా రెండు రెట్లకు పైనే.

కిట్ లెన్స్‌ను కూడా పారేయనవసరం లేదు. రిసెప్షన్ స్టేజీ మీద వరుసగా వచ్చి నిలబడే బంధువుల గ్రూప్ ఫొటోలకు ఎలాగూ ఫ్లాష్ వెలిగించి ఎఫ్/5.6 దగ్గరే తీస్తాం, ఆ పనికి అది చక్కగా సరిపోతుంది. ఫ్లాష్ ఇంకా కొనని వారు రెండో లెన్స్ కన్నా ముందు అది కొనడం మంచిది. ఫంక్షన్ హాల్ సీలింగ్ మరీ ఎత్తుగా ఉన్నా, తోటలో ఆరుబయట పెళ్ళి చేస్తున్నా బౌన్స్ (ఫ్లాష్ వెలుగును పైకప్పుకు కొట్టి ముఖాల మీదికి మళ్ళించడం) అందదు కాబట్టి ఫ్లాష్ ఉన్నంత మాత్రాన లెన్స్ అవసరం తీరిపోదు.

పాత లెన్స్ కొనేటప్పుడు

బడ్జెట్‌లో లెన్స్ అంటే చివరకు చాలామంది చేరేది సెకండ్ హ్యాండ్ దగ్గరికే. హైదరాబాద్‌లో కోఠి దుకాణాలలోనూ, ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ నిత్యం లెన్స్‌లు చేతులు మారుతుంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి ముహూర్తాలు లేని నెలలలో వెతకడం మంచిది. చేతిలో పని లేక అమ్మేవారు బేరానికి దిగుతారు, మీకూ కొన్న లెన్స్‌ను తీరికగా పరీక్షించుకునే సమయం దొరుకుతుంది. మాఘమాసం ముందు వారంలో కొన్న లెన్స్‌ను నేరుగా పెళ్ళిలోనే పరీక్షించవలసి వస్తుంది.

లెన్స్ చేతికి తీసుకున్నాక రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చి వెలిగించి వెనుక నుంచి చూపుతూ ముందు గ్లాసులోంచి ఏటవాలుగా లోనికి చూడండి. ఒకటి రెండు ధూళి రేణువులు ఫొటోను పాడు చేయవు. సాలెగూడు దారాల్లాగా, లేదా చెట్టు కొమ్మల్లాగా అల్లుకున్న సన్నని తెల్లటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. కాకినాడ, విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో బ్యాగులోనే ఏళ్ళ తరబడి ఉన్న లెన్స్‌లకు ఇది తరచుగా పడుతుంది. లోపల పొగమంచు పట్టినట్టు మసకగా ఉంటే అదీ ప్రమాదమే, ఎదురుగా లైట్లు ఉన్న మండపంలో ఆ మసక ఫొటో మొత్తాన్ని పాలలో ముంచినట్టు చేస్తుంది. తర్వాత అపర్చర్‌ను ఎఫ్/8కి పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫొటో తీయకుండానే అపర్చర్‌ను మూసి చూపేది) మీ కెమెరాలో ఉంటే దాన్ని నొక్కి, అపర్చర్ ఆకులు చప్పున మూసుకుంటున్నాయో లేదో, వాటికి నూనె అంటిందో లేదో చూడండి. ఫోకస్ రింగ్ తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు అనిపించకూడదు. మౌంట్ మరల మీద స్క్రూడ్రైవర్ గీతలు ఉంటే దాన్ని ఎవరో విప్పారని అర్థం, ఎందుకు విప్పారో అడగండి.

ఇవన్నీ చూసినా ఫోకస్ పరీక్ష చేయకపోతే పని సగమే అయినట్టు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒక సీజన్‌లో ఒక దుకాణం నుంచి 85 ఎం.ఎం. లెన్స్ అద్దెకు తెచ్చి, పగలు బయట రెండు ఫొటోలు తీసి బాగుందనుకొని పెళ్ళికి పట్టుకెళ్ళాను. జీలకర్ర బెల్లం వేళ వరుడి భుజం మీదుగా పెళ్ళికూతురి కళ్ళ మీద ఫోకస్ పాయింట్ పెట్టి ఇరవై ఫొటోల దాకా తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, ఇరవైలోనూ ఆమె చాచిన చేతికున్న ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం మసక. ఆ లెన్స్ నా కెమెరా మీద కొన్ని సెంటీమీటర్లు ముందుకు ఫోకస్ అవుతోంది, పగటి వెలుగులో ఎఫ్/8 దగ్గర తీసినప్పుడు ఆ తేడా లోతులో దాగిపోయింది.

అందుకే పరీక్షను ఎఫ్/1.8 దగ్గర, తక్కువ వెలుగులో, పెళ్ళిలో నిలబడే దూరం నుంచే చేయాలి. ఒక వార్తాపత్రికను బల్ల మీద ఏటవాలుగా పరిచి, రెండు మీటర్ల దూరం నుంచి ఒక హెడ్‌లైన్ మీద ఫోకస్ చేసి ఐదు ఫొటోలు తీయండి, ప్రతిసారీ ఫోకస్‌ను పూర్తిగా చెడగొట్టి మళ్ళీ చేయించండి. ఐదింటిలోనూ అదే వరుస స్పష్టంగా ఉంటే లెన్స్ మంచిది. ఐదూ ఒకే మేరకు ముందుకో వెనక్కో తప్పితే, ఫోకస్ సవరణ మెనూ ఉన్న కెమెరాలలో సరిదిద్దుకోవచ్చు, 1500డీ, డీ5600 వంటి ప్రవేశస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ మెనూ ఉండదు. ఐదూ ఐదు చోట్ల పడితే ఆ లెన్స్‌ను తిరిగి ఇచ్చేయండి. మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సర్ మీదనే ఫోకస్ చూసుకుంటాయి కనుక వాటికి ఈ ముందువెనుకల జబ్బు దాదాపుగా ఉండదు. కెనాన్ 200డీ వంటి డ్యూయల్ పిక్సెల్ (సెన్సర్ మీదనే ఫోకస్ చూసుకునే ఏర్పాటు) ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లో లైవ్ వ్యూ పెట్టి, అంటే వెనుక స్క్రీన్‌లో చూస్తూ తీసినా అదే లాభం దక్కుతుంది.

కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు, భారత వారంటీ కార్డు రెండూ అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గింపు ధరకు ఇచ్చే బయటి దేశపు సరుకుకు ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో వారంటీ వర్తించకపోవచ్చు, మిగిలిన వెయ్యో రెండు వేలో మొదటి రిపేరులోనే పోతాయి.

లెన్స్ చేయలేనివి

ఎంత మంచి లెన్స్ పెట్టినా ఎల్‌ఈడీ లైట్ల మినుకును అది ఆపలేదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. మిర్రర్‌లెస్‌లో సైలెంట్ షట్టర్ పెట్టి 1/500 దగ్గర తీస్తే పెళ్ళికూతురి ముఖం మీద జీబ్రా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్ వాడుతూ, కదలిక తక్కువగా ఉన్న ఘట్టాలలో 1/100 దగ్గర ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే దాన్ని వాడండి. రంగు ఎల్‌ఈడీ గులాబీ వెలుగు నేరుగా ముఖం మీద పడితే ఏ అపర్చర్‌తోనూ చర్మం రంగు తిరిగి రాదు. డెకరేషన్ వారిని ముందే కలిసి, "తమ్ముడూ, ముహూర్తం టైముకు ముందు వైపు రెండు లైట్లు వార్మ్ వైట్‌లో పెట్టించు" అని అడిగితే సాధారణంగా కాదనరు. ఆ ఒక్క మాట కొన్నిసార్లు ఒక లెన్స్ ఖరీదు చేస్తుంది.

ఇంకో చిన్న ఖర్చు గురించి కూడా చెప్పాలి. లెన్స్‌తో పాటు దుకాణదారు అంటగట్టే మూడు వందల రూపాయల యూవీ ఫిల్టర్‌ను రాత్రి పెళ్ళిలో తీసేయండి. హోమగుండం మంటకూ, సీరియల్ బల్బులకూ అది ఫొటోలో మరో చోట ఆకుపచ్చ దెయ్యపు నీడలు పుట్టిస్తుంది. ఆ డబ్బుతో లెన్స్ హుడ్ కొనండి, అది పక్క వెలుగునూ ఆపుతుంది, గుంపులో తగిలే మోచేతుల నుంచీ గ్లాసును కాపాడుతుంది.

లెన్స్ ఇంటికి వచ్చాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. సీజన్‌లో ప్రతి పెళ్ళికీ ముందు, మండపం సిద్ధమై ఇంకా ఎవరూ పీటల మీదికి రాకముందే, ఒక్క ఐదు నిమిషాలు తీసుకొని కలశం మీది కొబ్బరికాయ మీద ఫోకస్ పెట్టి ఎఫ్/2 దగ్గర మూడు ఫొటోలు తీసి, స్క్రీన్ మీద పూర్తిగా పెద్దది చేసి చూడండి. కొబ్బరి పీచు పోగులు విడివిడిగా కనిపిస్తే ముహూర్తానికి మీరు సిద్ధం, కనిపించకపోతే ఎఫ్/2.8కి మూసుకోవడానికి, లేదా బ్యాగులోని రెండో లెన్స్ తీసుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.